రీడ్ షెపర్డ్: కాలేజీ అంకెల్లో కనిపించని ఖాళీలు

2023-24 సీజన్‌లో కెంటకీ యూనివర్సిటీ ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి) రీడ్ షెపర్డ్ మూడు పాయింట్ల గీత బయటి నుంచి 144 షాట్లు వేస్తే 75 పడ్డాయి. అంటే 52.1 శాతం. బాస్కెట్‌బాల్ పెద్దగా చూడనివాళ్ళ కోసం ఒక్క మాట: అంత దూరం నుంచి 40 శాతం వేసేవాణ్ణి మంచి షూటర్ అంటారు. అంతటి స్టెఫెన్ కర్రీ కూడా డేవిడ్సన్ కాలేజీలో మూడేళ్ళు ఆడి 1,004 షాట్లలో 414 వేశాడు, 41.2 శాతం. 2024 జూన్ 26న ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట, హ్యూస్టన్ రాకెట్స్ షెపర్డ్‌ని మూడో స్థానంలో తీసుకుంది. తర్వాతి సీజన్‌లో అతను మ్యాచ్‌కి సగటున 12.6 నిమిషాలు ఆడి 4.4 పాయింట్లు చేశాడు. మూడు పాయింట్ల షాట్లలో 33.8 శాతం.

ఈ తేడా చూసి కాలేజీ లెక్కలన్నీ బోగస్ అనేవాళ్ళు ఒకవైపు, కోచ్ కుర్రాణ్ణి తొక్కేశాడు అనేవాళ్ళు ఇంకోవైపు చేరారు. రెండూ తొందరపాటు తీర్పులే. కాలేజీ గార్డ్ (బంతిని నడిపించే, ఎక్కువగా బయటి నుంచి ఆడే ఆటగాడు) ఏమేం చేశాడో చెప్పే పట్టిక అందరి దగ్గరా ఉంటుంది. అతని జట్టు అతన్ని ఏ పని చేయమని అడగలేదో ఏ పట్టికలోనూ ఉండదు. ప్రొఫెషనల్ జట్టు కోట్ల డాలర్లు పెట్టేది సగానికి సగం ఆ రెండోదాని మీదే. ముప్పై జట్ల స్కౌట్లు (కొత్త ఆటగాళ్ళని వెతికి అంచనా వేసేవాళ్ళు) ఊరూరూ తిరిగేది కూడా దాన్ని పట్టుకోవడానికే.

షెపర్డ్ పుట్టింది కెంటకీ రాష్ట్రంలోనే, లండన్ అనే చిన్న ఊళ్ళో. తల్లీ తండ్రీ ఇద్దరూ కెంటకీ యూనివర్సిటీకి ఆడినవాళ్ళు. తండ్రి జెఫ్ షెపర్డ్ 1998లో ఆ జట్టు జాతీయ చాంపియన్ అయినప్పుడు ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు జట్ల దశలో) అత్యుత్తమ ఆటగాడు. ఇంత నేపథ్యం ఉన్నా, కోచ్ జాన్ కాలిపారి ఆ ఏడాది తెచ్చుకున్న కుర్రాళ్ళలో షెపర్డ్ పేరు ముందు వరసలో లేదు. 33 మ్యాచ్‌లు ఆడితే మొదటి ఐదుగురిలో దిగింది 5 సార్లే. మిగతావన్నీ బెంచీ మీది నుంచి వచ్చి ఆడినవే. అయినా మ్యాచ్‌కి దాదాపు 29 నిమిషాలు, 12.5 పాయింట్లు, 4.5 అసిస్ట్‌లు (పాయింట్లకి దారితీసిన పాస్‌లు), 2.5 స్టీల్స్ (ఎదుటివాళ్ళ నుంచి లాక్కున్న బంతులు). మొదటి ఏడాది కుర్రాడికి ఇవి మామూలు అంకెలు కావు.

ఇప్పుడు ఇదే పట్టికలో ఎవరూ పెద్దగా చూడని రెండు గళ్ళు చూడాలి. మ్యాచ్‌కి అతను వేసిన మొత్తం షాట్లు ఎనిమిదిలోపే. ఫ్రీ త్రోలు (లోపలికి దూసుకెళ్ళేటప్పుడు ఎదుటివాడు ఫౌల్ చేస్తే ఎక్కువగా దొరికే అడ్డులేని షాట్లు) రెండు చుట్టుపక్కల. 2017-18లో ఓక్లహామాకు ఆడిన ట్రే యంగ్ మ్యాచ్‌కి 19 షాట్లకు పైగా వేసేవాడు, ఎనిమిదికి పైగా ఫ్రీ త్రోలు తెచ్చుకునేవాడు. ఆ ఏడాది దేశం మొత్తం మీద పాయింట్లలోనూ (27.4) అసిస్ట్‌లలోనూ (8.7) మొదటివాడు యంగే. అంతకుముందు ఒకే సీజన్‌లో ఆ రెండూ సాధించినవాడు లేడు. మ్యాచ్‌కి ఐదుకు పైగా టర్నోవర్లు చేశాడు (అన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాడు), మూడు పాయింట్ల షాట్లలో 36 శాతమే వేశాడు. శాతాలు చూస్తే షెపర్డ్ ముందు యంగ్ వెలవెలబోతాడు. కానీ యంగ్‌ని ఆపడానికి ఎదుటి జట్టు ఇద్దరు ముగ్గుర్ని పెట్టేది. షెపర్డ్ ఆడిన జట్టులో ఎదుటివాళ్ళ కళ్ళన్నీ మ్యాచ్‌కి 20 పాయింట్లు కొట్టే ఆంటోనియో రీవ్స్ మీదో, డ్రిబుల్‌తో మనిషిని బోల్తా కొట్టించే రాబ్ డిలింగ్‌హామ్ మీదో ఉండేవి.

క్రికెట్ భాషలో అయితే, ఐదో నంబర్‌లో దిగి అరవై సగటు తెచ్చుకున్న రంజీ బ్యాటర్‌ని టెస్టుల్లో ఓపెనింగ్‌కి పంపాలా అన్న ప్రశ్న లాంటిదిది. సగటు అబద్ధం చెప్పడం లేదు, కొత్త బంతి సంగతి మాత్రం అందులో లేదు.

ముందు షూటింగ్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అతన్ని మూడో స్థానానికి తీసుకెళ్ళింది అదే. 144 షాట్లు అంటే చాలా చిన్న లెక్క. ఒక కుర్రాడి అసలు సత్తా 45 శాతం అనుకుంటే 144లో 65 పడాలి. షెపర్డ్‌వి 75 పడ్డాయి. పది షాట్లు అదనం. 33 మ్యాచ్‌ల మీద పంచితే మూడు మ్యాచ్‌లకు ఒక్క షాట్, అంతే. రింగ్‌కి తగిలి లోపలికి దొర్లిన బంతి ఒక్కటి. కాలేజీ ఆటలో పైమెట్టయిన డివిజన్-1లో 360కి పైగా జట్లున్నాయి, ఒక్కో జట్టులో నలుగురైదుగురు షూటర్లు. అంతమందిలో ఏదో ఒక ఏడాది ఒకరిద్దరికి ఇలా కలిసి రావడం వింతేమీ కాదు. కాబట్టి 52 అన్న అంకెని పక్కన పెట్టి, ఇతను చాలా మంచి షూటర్ అన్న మాట వరకే తీసుకోవాలి. బుద్ధున్న జట్లు చేసిందీ అదే.

ఇలాంటి చిన్న లెక్కల్ని సరిచూసుకోవడానికి స్కౌట్లు ఫ్రీ త్రో శాతం వైపు చూస్తారు. ఫ్రీ త్రో దగ్గర అడ్డొచ్చేవాడు లేడు, దూరం మారదు, టైమ్ ఉంటుంది. చేతిలో ఎంత పని ఉందో అక్కడ దాచడం కుదరదు. కాలేజీలో మూడు పాయింట్ల శాతం కంటే ఫ్రీ త్రో శాతమే మున్ముందు షూటింగ్ గురించి నికరంగా చెబుతుందని జట్ల విశ్లేషకులు చాలాకాలంగా నమ్ముతున్నారు. ఆ నమ్మకానికి రెండు వైపులా గట్టి ఉదాహరణలున్నాయి. 2017లో మొదటి స్థానంలో వెళ్ళిన మార్కెల్ ఫల్ట్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో మూడు పాయింట్ల షాట్లు 41.3 శాతం వేశాడు, ఫ్రీ త్రోలు మాత్రం 64.9 శాతమే. ఎన్‌బీఏలో అతని షాట్ పూర్తిగా పాడైంది. (భుజం దగ్గర నరాలు నొక్కుకుపోయే సమస్య ఉన్నట్టు 2018 చివర్లో తేలింది కాబట్టి తప్పంతా చేతిదే అనలేం.) దానికి తలకిందులుగా టైరీస్ మాక్సీ. ఇతనూ కెంటకీ గార్డే. కాలేజీలో మూడు పాయింట్ల షాట్లలో 29.2 శాతం, ఫ్రీ త్రోలలో 83.3. ఆ 29 చూసి భయపడ్డ జట్లన్నీ వదిలేస్తే 2020లో 21వ స్థానంలో ఫిలడెల్ఫియాకు దొరికాడు. రెండో సీజన్‌కే 42.7 శాతం వేశాడు. షెపర్డ్ కాలేజీ ఫ్రీ త్రో శాతం 83.1. అంటే మాక్సీ అంకెకు పక్కనే. షూటింగ్ మీద పెట్టిన నమ్మకం గాలిలో మేడ కాదని చెప్పడానికి ఇది చాలు.

దూరం మాటేమిటని అడగొచ్చు. కాలేజీలో మూడు పాయింట్ల గీత 22 అడుగుల 1.75 అంగుళాల దగ్గర ఉంటే, ఎన్‌బీఏలో ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. ఒకటిన్నర అడుగుకు పైగా తేడా. నిజానికి మంచి షూటర్లకు ఇది పెద్ద అడ్డంకి కాదు, ఒక వేసవిలో సర్దుకుంటారు. అడ్డంకి టైమ్. కాలేజీలో బంతి అందుకుని కాళ్ళు సర్దుకుని వేసేంత ఖాళీ దొరుకుతుంది. పైస్థాయిలో ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి చెయ్యి చాచి మీదికొస్తుంటే ఆ ఖాళీ రెప్పపాటులో మూసుకుపోతుంది. పొట్టి గార్డ్‌కి అది మరీ తొందరగా మూసుకుపోతుంది, ఎందుకంటే అతను బంతి వదిలే చోటే కిందుగా ఉంటుంది.

డ్రాఫ్ట్‌కి ముందు జరిపే కొలతల శిబిరంలో బూట్లు లేకుండా షెపర్డ్ ఎత్తు 6 అడుగుల 1.75 అంగుళాలు. చేతులు రెండు పక్కలకీ చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకు 6 అడుగుల 3.25 అంగుళాలు. మన వీధిలో నడిస్తే అందరూ తలెత్తి చూస్తారు గానీ ఎన్‌బీఏలో ఇది పొట్టి కిందే లెక్క. అదే శిబిరంలో పరుగు తీసి నిలువునా ఎగిరితే 42 అంగుళాలు. చూసేవాళ్ళంతా నోరెళ్ళబెట్టిన అంకె అది. తెల్లగా, బక్కగా, నెమ్మదిగా కనిపించే కుర్రాడు ఇంతెత్తు ఎగురుతాడని చాలామంది అనుకోలేదు. స్కౌటింగ్‌లో కంటికి అలవాటైన మూసలు ఎంత మోసం చేస్తాయో చెప్పే చోటు ఇది.

అయితే ఎగరడం వేరు, ఎగిరిన చోట చెయ్యి అందడం వేరు. షై గిల్జస్-అలెగ్జాండర్ కూడా కెంటకీ నుంచే వచ్చాడు, 2018లో 11వ స్థానంలో. కాలేజీలో సీజన్ మొదట్లో అతనూ బెంచీ మీది నుంచే వచ్చాడు. ఏడాది మొత్తం మీద మూడు పాయింట్ల షాట్లు వేసిందే 57. అతని చేతుల కొలత మాత్రం దాదాపు ఏడడుగులు. అంత పొడుగు చేతులున్నవాడికి ఆట పెరిగేకొద్దీ ప్రతి పనీ తేలికవుతుంది. 2025లో అతను లీగ్ అత్యుత్తమ ఆటగాడూ అయ్యాడు, ఓక్లహామా సిటీతో చాంపియనూ అయ్యాడు.

హ్యూస్టన్ లెక్క అర్థం కావాలంటే కెంటకీ నుంచి వచ్చే గార్డుల చరిత్ర తెలియాలి. కాలిపారి దగ్గర ఏటా ఐదారుగురు స్టార్ కుర్రాళ్ళు ఒకే బంతి కోసం ఎదురుచూసేవారు. డెవిన్ బుకర్ 2014-15లో అక్కడ ఒక్క మ్యాచ్‌లోనూ మొదటి ఐదుగురిలో లేడు, సగటు 10 పాయింట్లు. 13వ స్థానంలో తీసుకున్న ఫీనిక్స్ తరఫున 2017 మార్చిలో ఒకే మ్యాచ్‌లో 70 పాయింట్లు కొట్టాడు. బుకర్, షై, మాక్సీ ముగ్గురిలోనూ ఎన్‌బీఏ జట్లు కాలేజీ అంకెలు చూసి తక్కువ అంచనా వేశాయి. అడగని పని చేతకాని పని అనుకున్నాయి. ఆ గుణపాఠం ఒంటబట్టాక షెపర్డ్ విషయంలో ఎదురు తప్పు జరిగే ప్రమాదం వచ్చింది. అడగని పని ఎలాగూ చేసేస్తాడులే అనుకోవడం. మిగతా ముగ్గురిలో ఎవరి శరీరమూ షెపర్డ్ శరీరం లాంటిది కాదు. మాక్సీ పొట్టివాడే, కానీ అతని మొదటి అడుగు వేగం లీగ్‌లోనే కొద్దిమందికి ఉంటుంది. షెపర్డ్‌కి అంత వేగం లేదు.

అతను చేయగలడా లేదా అన్నదానికి కాలేజీలో ఆధారాలు అసలే లేకపోలేదు. 2024 ఫిబ్రవరి 27న మిసిసిపీ స్టేట్ గడ్డ మీద జరిగిన మ్యాచ్ ఒకటుంది. షెపర్డ్ 32 పాయింట్లు కొట్టాడు. చివర్లో స్కోరు సమంగా ఉన్నప్పుడు బంతి అతని చేతికే వెళ్ళింది. డ్రిబుల్ చేసుకుంటూ లోపలికి దూసుకెళ్ళి, పెద్దవాళ్ళు మీదికి రాకముందే బంతిని పైకి తేలేసి వేశాడు. ఇంకా 0.5 సెకన్లు మిగిలాయి, కెంటకీ 91-89తో గెలిచింది. దూరం నుంచి వేసే కుర్రాడు లోపలికి వెళ్ళి, ఎత్తు తక్కువైన లోటుని టైమింగ్‌తో పూడ్చుకున్నాడు. స్కౌట్లకు కావలసింది సరిగ్గా ఇలాంటి క్షణాలే. ఇబ్బందల్లా అవి సీజన్ మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండటం.

మార్చి 21న దీనికి పూర్తిగా ఎదురు చిత్రం కనిపించింది. జాతీయ టోర్నమెంట్ మొదటి రౌండ్‌లో మూడో సీడ్ కెంటకీ, 14వ సీడ్ ఓక్లండ్ చేతిలో 80-76తో ఓడిపోయింది. ఓక్లండ్ ఆటగాడు జాక్ గోల్కే పది మూడు పాయింట్ల షాట్లు వేసి 32 పాయింట్లు కొట్టాడు. షెపర్డ్‌వి మూడంటే మూడు పాయింట్లు. ఒక్క మ్యాచ్ పట్టుకుని కుర్రాడి జాతకం రాసేయడం ఎప్పుడూ తప్పే. గమనించాల్సింది అతను ఎన్ని వేశాడన్నది కూడా కాదు, జట్టు మునిగిపోతుంటే ఆట అతని చేతిలోకి రాకపోవడం. డ్రిబుల్‌తో తన షాట్ తాను తయారు చేసుకోలేనివాణ్ణి మ్యాచ్‌లోంచి బయటికి తోసేయడం ఎదుటి కోచ్‌కి సులువు. బంతి అతని దాకా రానివ్వకపోతే చాలు.

డిఫెన్స్‌లో కూడా ఇదే చిక్కు మరో రూపంలో ఉంది. మ్యాచ్‌కి 2.5 స్టీల్స్, పైగా ఆ ఎత్తుకి 0.7 బ్లాక్స్ (అడ్డుకున్న షాట్లు). రెండూ గొప్ప అంకెలే. చేతుల చురుకుదనం, పాస్ ఎటు వెళ్తుందో ముందే పసిగట్టే తెలివి ఉన్నాయని ఇవి చెబుతాయి. ఆ తెలివి ఎన్‌బీఏకి కూడా వెంట వస్తుంది. కానీ కాలేజీ ఆటలో ఒక వెసులుబాటు ఉంది. ఎన్‌బీఏలో డిఫెండర్ తన మనిషిని వదిలేసి బాస్కెట్ ముందున్న పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడితే ఫౌల్. కాలేజీలో ఆ రూల్ లేదు. కాబట్టి షెపర్డ్ లాంటివాడు తన మనిషికి కాస్త దూరంగా, పాస్ దారిలో కాపు కాయొచ్చు. పైస్థాయిలో అలా రెండడుగులు దూరం జరిగితే అతను వదిలేసిన మనిషి మూడు పాయింట్లు వేసి పోతాడు.

అంతకంటే పెద్ద సంగతి స్విచ్, అంటే డిఫెండర్లు ఒకరి మనిషిని ఒకరు మార్చుకోవడం. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో ప్రతి జట్టూ ఎదుటివాళ్ళలో అందరికంటే బలహీనమైన డిఫెండర్ ఎవరా అని వెతుకుతుంది. అతను కాపలా కాస్తున్న మనిషిని పిలిచి స్క్రీన్ పెట్టిస్తారు, అంటే స్టార్‌ని కాస్తున్న డిఫెండర్ దారికి అడ్డంగా నిలబెడతారు. డిఫెండర్లు మనుషుల్ని మార్చుకోక తప్పదు. చూస్తుండగానే ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు లీగ్‌లోని పెద్ద స్టార్ ముందు ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఒకసారి పాయింట్లు వస్తే మళ్ళీ అదే, మళ్ళీ అదే, కోచ్ అతన్ని బెంచీకి పిలిచేదాకా. ఆ కుర్రాడు అవతలి కొసన ఇరవై పాయింట్లు కొడితే కోచ్ ఓర్చుకుంటాడు. ఎనిమిదే కొడితే ఓర్చుకోడు. పొట్టి గార్డుల భవిష్యత్తు తేలేది ఈ లెక్క దగ్గరే. డిఫెన్స్‌లో పోయేదాన్ని మించి అటాక్‌లో రావాలి, రావాలంటే బంతి చేతిలో ఉండాలి, బంతి చేతిలో ఉండాలంటే ఆ పని వచ్చని ముందు నిరూపించాలి.

ఈ కారణానికే షెపర్డ్ వెనకే నాలుగో స్థానంలో వెళ్ళిన గార్డ్‌తో పోలిక చాలా విషయాలు చెబుతుంది. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) జట్టుతో జాతీయ చాంపియన్ అయిన స్టీఫాన్ కాసిల్‌ని శాన్ ఆంటోనియో తీసుకుంది. కాలేజీలో అతని మూడు పాయింట్ల శాతం 26.7, షెపర్డ్ శాతంలో దాదాపు సగం. ఎత్తు మాత్రం ఆరడుగుల ఆరంగుళాలు, చిన్న గార్డుల నుంచి పెద్ద వింగ్ ఆటగాళ్ళ దాకా ఎవరికైనా కాపలా కాయగలడు. మొదటి సీజన్‌లో ఎన్‌బీఏలోనూ షూటింగ్ అంతంతే, 28.5 శాతం. అయినా మ్యాచ్‌కి 14.7 పాయింట్లతో ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు అయ్యాడు. షూటింగ్ రాకపోయినా కోర్టు మీద ఉండగలిగాడు కాబట్టి తప్పులు చేస్తూ నేర్చుకునే నిమిషాలు అతనికి దొరికాయి. షెపర్డ్‌కి ఆ నిమిషాలే దొరకలేదు.

జట్టు పరిస్థితి కూడా కలిసిరాలేదు, ఇది కుర్రాడి తప్పు కాదు. మూడో స్థానంలో తీసుకునే జట్టు సాధారణంగా లీగ్ అడుగున ఉంటుంది, కొత్తవాడికి తాళాలు అప్పజెబుతుంది. హ్యూస్టన్‌కి ఆ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే హక్కు) స్టార్ గార్డ్ జేమ్స్ హార్డెన్‌ని ఇచ్చేసినప్పుడు బ్రూక్లిన్ నుంచి వచ్చింది. సొంతంగా జట్టు బాగానే ఉంది. 2024-25లో 52 మ్యాచ్‌లు గెలిచి పశ్చిమ విభాగంలో రెండో స్థానంలో నిలిచింది. ఫ్రెడ్ వాన్‌వ్లీట్, జేలెన్ గ్రీన్, అమెన్ థాంప్సన్ ఉన్న చోట గార్డ్‌కి ఖాళీ ఏది? పైగా కోచ్ ఇమే ఉడోకా డిఫెన్స్ విషయంలో మొహమాటం లేని మనిషి. సీజన్‌కి ముందు ఎక్కువగా కొత్తవాళ్ళు ఆడే వేసవి లీగ్‌లో సగటున 20 పాయింట్లు కొట్టి అందర్నీ ఊరించిన కుర్రాడు, అసలు సీజన్‌లో వారాల తరబడి చప్పట్లు కొడుతూ కూర్చున్నాడు. 2025 మార్చి 3న ఓక్లహామా సిటీ మీద, ప్రధాన ఆటగాళ్ళు చాలామంది లేని రోజున, దొరికిన అవకాశంలో 25 పాయింట్లు కొట్టాడు. కొద్ది రోజులకే చేతి బొటనవేలు విరిగింది. గోల్డెన్ స్టేట్‌తో ఏడు మ్యాచ్‌ల ప్లేఆఫ్ సిరీస్‌లో దాదాపుగా బెంచీకే పరిమితం.

33.8 శాతాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. నాలుగు నిమిషాలు ఆడి, రెండు షాట్లు తప్పితే మళ్ళీ పిలుపు వస్తుందో రాదోనన్న టెన్షన్‌లో వేసిన షాట్లవి. కాలేజీలోని 52 ఎంత చిన్న లెక్కో, ఇదీ అంత చిన్న లెక్కే. మొదటిదాన్ని అదృష్టం అని తగ్గించి, రెండోదాన్ని నిజం అని పట్టుకుంటే న్యాయం కాదు.

ఎత్తు తక్కువ గార్డుల దారి ఎలా ఉంటుందో చెప్పే పాత ఉదాహరణలు ఒక్కోటి ఒక్కో వైపుకి లాగుతాయి. జిమ్మర్ ఫ్రెడెట్ 2010-11లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ తరఫున మ్యాచ్‌కి 28.9 పాయింట్లు కొట్టి దేశాన్ని ఊపేశాడు. అతన్ని అన్నీ చేయమని అడిగారు, చేశాడు కూడా. ఎన్‌బీఏలో మాత్రం డిఫెన్స్‌లో దాక్కునే చోటు దొరక్క కొన్నేళ్ళకే చైనా లీగ్‌కి వెళ్ళిపోయాడు. జేలెన్ బ్రన్సన్ 2018లో కాలేజీ అత్యుత్తమ ఆటగాడు, విలనోవాకి రెండు జాతీయ టైటిళ్ళు తెచ్చినవాడు. పొట్టి, వయసు ఎక్కువ, ఎగరలేడు అని చెప్పి 33వ స్థానం దాకా వదిలేశారు. ఇవాళ న్యూయార్క్ నిక్స్ ఆట అంతా అతని చుట్టూనే. ఫ్రెడెట్‌కీ బ్రన్సన్‌కీ తేడా పాదాల దగ్గర ఉంది. బ్రన్సన్ లోపలికి వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి, భుజంతో నెట్టి, పెద్దవాడు గాల్లోకి లేచాక కింద నుంచి షాట్ వేయగలడు. ఎత్తుతో పని లేని స్కోరింగ్ అది. కాలేజీలో మూడేళ్ళు అదే చేసి చూపించాడు కూడా, నమ్మినవాళ్ళు తక్కువ.

షెపర్డ్‌కి అందరికంటే దగ్గరి ఉదాహరణ బహుశా పేటన్ ప్రిచర్డ్. ఆరడుగుల ఒక అంగుళం, ఒరెగాన్‌లో నాలుగేళ్ళు, 2020లో 26వ స్థానం. బోస్టన్‌లో మొదటి మూడేళ్ళు ఉన్నాడో లేడో తెలియనట్టే గడిపాడు. 2025లో బెంచీ మీది నుంచి వచ్చే ఆటగాళ్ళలో ఉత్తముడిగా అవార్డు అందుకున్నాడు. డిఫెన్స్‌లో మంచివాడు కాకపోయినా, ఒళ్ళు గట్టిపరుచుకుని, తనని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి సులువుగా లొంగకుండా తయారయ్యాడు. షెపర్డ్ అక్కడిదాకా చేరితే మూడో స్థానానికి అది తక్కువే అనిపించొచ్చు, లీగ్‌లో పన్నెండేళ్ళ ఉద్యోగానికి మాత్రం ఎక్కువే. దీని కింద మాత్రం అతను పడిపోయే అవకాశం తక్కువ. ఇంత షూటింగ్, ఇంత పాసింగ్ తెలివి ఉన్నవాడికి ఏదో ఒక జట్టు ఎప్పుడూ చోటిస్తుంది. పైకి ఎంత ఎదుగుతాడన్నదే ప్రశ్న, ఆ ప్రశ్నకు జవాబు డ్రిబుల్‌లో ఉంది.

ఇక వయసు. డ్రాఫ్ట్‌కి రెండు రోజుల ముందే షెపర్డ్‌కి ఇరవై నిండాయి. ఫ్రెష్‌మన్ అనగానే పద్దెనిమిదేళ్ళ పిల్లాడు అనుకుంటాం గానీ, ఒకే తరగతిలో ఏడాదిన్నర తేడా ఉన్నవాళ్ళుంటారు. ఎదగడానికి మిగిలిన కాలం లెక్కేసేటప్పుడు జట్లు నెలలు కూడా చూస్తాయి.

ఇంకో ఏడాది కెంటకీలోనే ఉండి బంతి తన చేతిలోకి తీసుకుని ఉంటే బాగుండేదా? ఆట నేర్చుకోవడానికి బాగుండేది, జేబుకి కాదు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025లో వచ్చిన కోర్టు సెటిల్‌మెంట్‌తో యూనివర్సిటీలు నేరుగా కూడా చెల్లించొచ్చు. దాంతో డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ చివర్లోనో రెండో రౌండ్‌లోనో వెళ్ళే గార్డులు ఇప్పుడు కాలేజీలోనే ఆగిపోతున్నారు, అది తెలివైన పనే. మూడో స్థానం సంగతి వేరు. అక్కడ మొదటి ఏడాది జీతమే కోటి డాలర్ల చుట్టుపక్కల, రెండేళ్ళకు పూర్తి గ్యారంటీ. రెండో ఏడాది కాలేజీలో 52 కాస్తా 39కి దిగితే ఆ స్థానం మళ్ళీ రాదు. చేతికందినప్పుడు తీసుకోవడం తప్పనిపించుకోదు.

2025 వేసవిలో హ్యూస్టన్‌లో పరిస్థితి మారింది. స్టార్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్ కోసం జేలెన్ గ్రీన్‌ని ఫీనిక్స్‌కి ఇచ్చేశారు. సెప్టెంబర్‌లో వాన్‌వ్లీట్ మోకాలి లిగమెంట్ తెగింది. గార్డుల్లో ఇద్దరు ఒకేసారి తప్పుకున్నారు. కాలేజీలో అడగని పని, మొదటి సీజన్‌లో అప్పజెప్పని పని అనుకోకుండా వచ్చి షెపర్డ్ ఒళ్ళో పడింది. అతని మ్యాచ్‌లు చూసే హ్యూస్టన్, డల్లాస్ తెలుగు కుర్రాళ్ళు పాయింట్ల పట్టిక కంటే మూడు సంగతులు చూస్తే ఎక్కువ తెలుస్తుంది. మ్యాచ్‌కి ఎన్ని ఫ్రీ త్రోలు తెచ్చుకుంటున్నాడు. డ్రిబుల్ నుంచి ఆగి వేసే షాట్లు మొత్తంలో ఎంత భాగం. నాలుగో క్వార్టర్‌లో ఎదుటి జట్టు స్విచ్ కోసం అతన్నే వెతుక్కుంటోందా, వెతికితే ఉడోకా అతన్ని ఉంచుతున్నాడా, పిలిచేస్తున్నాడా. కాలేజీ సగటైన రెండు ఫ్రీ త్రోలు నాలుగైదుకి చేరితే లోపలికి వెళ్ళే పని ఒంటబట్టినట్టే. అవి రెండు దగ్గరే ఆగిపోతే, మూడు పాయింట్ల శాతం ఎంతున్నా, అతను ఇంకొకరు తయారుచేసిన షాట్లు వేసే మనిషిగానే ఉంటాడు.

2024 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వెళ్ళినవాళ్ళ కాంట్రాక్ట్ పొడిగింపుల బేరాలు 2027 వేసవిలో మొదలవుతాయి. ఆ బేరానికి కూర్చునేటప్పుడు హ్యూస్టన్ ముందు కెంటకీ నాటి 144 షాట్ల పట్టిక ఉండదు.